బొగ్గుగని బ్యాండ్లు, యుఫోనియం ఏకవాద్యం: ఒక పరిశీలన

‘మధుర నాదం’ అనే అర్థమిచ్చే గ్రీకు పదం నుండి పేరు పొందిన యుఫోనియం ఇత్తడితో చేసిన సుషిరవాద్యం. గొట్టం క్రమంగా వెడల్పవుతూ పోవడం వల్ల దీని నాదం ట్రంపెట్ నాదం కంటే మృదువుగా, పురుష కంఠానికి దగ్గరగా వినిపిస్తుంది. దీనిని ఏకవాద్య స్థాయికి చేర్చడంలో బ్రిటన్‌లోని గనుల, కర్మాగారాల కార్మిక బ్యాండ్ల పాత్ర గణనీయమైనది. జోసెఫ్ హొరొవిట్జ్ రచించిన యుఫోనియం కన్చెర్టోను 1972లో ట్రెవర్ గ్రూమ్ తొలిసారి లండన్‌లో వాయించారు.

స్టీవెన్ మీడ్ వంటి విద్వాంసుల ధ్వనిముద్రణలలో మూడు అంశాలు గమనించదగినవి. దీర్ఘమైన స్వరపంక్తి తెగకుండా నిలిపే శ్వాస నియంత్రణ మొదటిది. మంద్రం నుండి తారస్థాయి వరకు నాదం ఒకే తీరున ఉండటం రెండవది. ద్రుతగతిలో స్వరస్పష్టత మూడవది. షేక్ చినమౌలానా నాదస్వరంపై చేసిన రాగాలాపన విన్నవారికి ఈ ప్రమాణాలు కొత్తవి కావు.

గ్రైమ్‌థోర్ప్ గని 1993లో మూతపడింది. 1917లో ఏర్పడిన ఆ గని బ్యాండు మాత్రం కచేరీలతో, ధ్వనిముద్రణలతో నేటికీ నిలిచి ఉంది. రామగుండం, గోదావరిఖని వంటి సింగరేణి ప్రాంతాల సంగీత చరిత్రకు ఈ ఉదాహరణ వర్తిస్తుంది. పెళ్లి ఊరేగింపుల్లో వాయించే బ్యాండుమేళం కళాకారుల వాద్యాన్ని, వారి పేర్లతో సహా, గనులు నడుస్తున్నప్పుడే ధ్వనిముద్రణ చేసి భద్రపరచడం పరిశోధకుల బాధ్యత.