గొంతులో రెండు పాయలు

రండర్రా, అరుగెక్కండి. బుజ్జీ, ఆ జంతికల గిన్నె మధ్యలో పెట్టవే, నాకూ అందాలి కదా.

తెల్లారగట్ల మన పెరట్లో కొబ్బరిచెట్టు మీంచి ఈలేస్తుందే, నలుపూ తెలుపూ పిట్ట, అది పెద్దనలంచి. దానికి అడవిలో ఓ చుట్టముంది, పొదనలంచి. తోకనలంచన్నా, షామా అన్నా అదే. 1860ల్లో జెర్డాన్ అనే డాక్టరుగారు మన దేశపు పక్షుల మీద పుస్తకం వేస్తూ ఈ తెలుగు పేర్లు కూడా ఎక్కించాడు. మనమైతే ఎప్పుడో మరిచిపోదుం.

మారేడుమిల్లిలో ఓసారి చూశాను. చూశానంటే, ముందు విన్నాను. చీకట్లు ఇంకా విడలేదు. వెదురు పొదలో పాట. కాసేపు ఒక పిట్టలా, అంతలోనే ఇంకో పిట్టలా. నాలుగైదున్నాయనుకున్నా. తీరా చూస్తే ఒక్కటే! బరువు ముప్ఫై గ్రాములు, అంటే ఓ నిమ్మకాయంత. ఒంటికి కాటుక నలుపు, పొట్టకి తాటిపండు గుజ్జు రంగు, ఇంత పొడుగు తోక. తుర్రుమన్నప్పుడు నడుం మీద తెల్లమచ్చ తళుక్కుమంది.

అంత పిట్టలో అంత పాటెక్కడిదంటారా? మన స్వరపేటిక గొంతు పైన ఉంటుంది, తడిమి చూసుకోండి. పిట్టకి అలా కాదు. ధవళేశ్వరం దిగువన గోదారి గౌతమి, వశిష్ఠ అని చీలిందా? అలాగే దాని గాలిగొట్టం గుండెల దగ్గర రెండు పాయలవుతుంది. సరిగ్గా ఆ చీలిక దగ్గరే స్వరపేటిక. ఏ పాయ లాకు ఆ పాయదే. ఒకటి మూసి ఒకటి తెరవగలదు, రెండూ తెరిచి ఒకేసారి రెండు స్వరాలు పలకగలదు. సన్నాయీ శ్రుతీ ఒక్కడే వాయించేసినట్టు! నాకీ సంగతి తెలిసిన రోజు అన్నం కూడా సహించలేదు, అంత సంతోషం.

అయితే పాట పుట్టుకతో రాదు. పిల్లపిట్టలు పెద్దల పాట విని, ముందు ముద్దముద్దగా గొణిగి, తర్వాత దారిలో పడతాయి. మన చంటాడు 'తాతా' అనడానికి ఎన్నాళ్ళు పట్టింది?

గూడంటారా, చెట్టు తొర్రలో ఎండాకులూ వేళ్ళూ పేర్చి ఆడపిట్టే కడుతుంది. మగాడు పక్కన కాపలా కాస్తాడు. అజమాయిషీ అన్నమాట. మీ అమ్మమ్మ లోపల్నించి నవ్వుతోంది, విన్నారా? గుడ్లు పగిలాక మాత్రం పురుగూ పుట్రా ఏరి తెచ్చి ఇద్దరూ మేపుతారు.

ఇంకో విశేషం. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోచ్ అని ఎనిమిదేళ్ళ కుర్రాడు, మన శీనుగాడి ఈడు. వాళ్ళ నాన్న కొనిచ్చిన ఫోనోగ్రాఫు మైనపు గొట్టం మీద, పంజరంలో పెంచుకున్న షామా పాట పట్టేశాడు. లోకంలో రికార్డయిన మొదటి పక్షిపాట అదేట! మన అడవుల్లో కూసే జాతి పిట్టదన్నమాట.

ఒరే శీనూ, నీ దగ్గర ఫోనుంది కదా. పెద్దనలంచి పాట పడదామా? నాలుగున్నరకి లేపనా? అదేవిట్రా, ఒక్కడూ పలకడేం!