సర్వరు ఛాసిస్ నిర్వహణలో కమాండ్ లైన్ - ఆదేశపదాల అర్థభేదాలు

వ్యాససంగ్రహం:
దూరంలో ఉన్న సర్వరు యంత్రభాగాలను టైపు చేసిన ఆదేశాలతో నిర్వహించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. ఐపీఎంఐ ప్రమాణాన్నీ, ఐపీఎంఐటూల్ అనే ఉపకరణంలోని ‘ఛాసిస్’ ఆదేశాలనూ ఆధారంగా తీసుకొని, పైకి పర్యాయపదాలుగా తోచే ఆదేశాల మధ్య ఉన్న భేదాలను పరిశీలిస్తుంది. ఆ భేదాలు తెలియకపోతే నిక్షిప్త సమాచారానికి కలిగే ముప్పును తెలియజేయడం దీని ప్రధానోద్దేశం.

కీలకపదాలు: సర్వరు, ఛాసిస్, కమాండ్ లైన్, ఐపీఎంఐ, బీఎంసీ, భద్రత.

1. ఉపోద్ఘాతం:
డిజిటల్ గ్రంథాలయాలు, ఈ-పత్రికలు, తాళపత్రప్రతుల ఛాయాచిత్రాలు ఏదో ఒక సర్వరులోనే భద్రమై ఉంటాయి. సర్వరు భాగాలను ఇముడ్చుకొన్న లోహపు పెట్టెకు ఛాసిస్ అని పేరు. ఇవి సాధారణంగా మానిటరు, కీబోర్డు లేకుండా తాళం వేసిన చల్లని గదులలో ఉంటాయి. అర్ధరాత్రి సర్వరు స్తంభించినప్పుడు నిర్వాహకుడు అక్కడికి వెళ్లకుండానే దాని మీట నొక్కగలగాలి. ఈ అవసరాన్ని తీర్చేవే ఛాసిస్ ఆదేశాలు.

2. బీఎంసీ - యంత్రంలో మరొక యంత్రం:
ఇంటెల్, హ్యూలెట్-ప్యాకర్డ్, ఎన్ఈసీ, డెల్ సంస్థలు 1998లో ఐపీఎంఐ ప్రమాణాన్ని వెలువరించాయి. 2004లో దాని 2.0 రూపం వచ్చింది. దీనికి కేంద్రం బీఎంసీ. ఇది మదర్‌బోర్డుపై ఉండే ప్రత్యేకమైన చిన్న కంప్యూటరు. సర్వరును ఆపివేసినా, విద్యుత్తు తీగ తగిలించి ఉన్నంతవరకు ఇది మేల్కొనే ఉంటుంది. అందువల్ల ఆపరేటింగ్ సిస్టమ్ కుప్పకూలినప్పటికీ ఆదేశాలను అందుకోగలదు.

3. ఆదేశ నిర్మాణం:
ఆదేశంలో మొదట ఉపకరణం పేరు, తర్వాత చేరవలసిన బీఎంసీ చిరునామా, వాడుకరి వివరాలు వస్తాయి. ఆపైన అసలు ఆదేశం. ‘ఛాసిస్ పవర్ ఆఫ్’ అనే ఆదేశంలో వస్తువు, దాని అంశం, చేయవలసిన పని వరుసగా ఉన్నాయి. పదాలు ఇంగ్లీషువే అయినా, పనిని చివర చెప్పే ఈ క్రమం తెలుగు వాక్యక్రమానికి సన్నిహితంగా ఉండడం గమనించదగినది.

4. అర్థభేదాలు:
‘సాఫ్ట్’ అనే పదం సర్వరును ఆపమని ఆపరేటింగ్ సిస్టమ్‌ను కోరుతుంది. అది తెరచి ఉన్న ఫైళ్లను మూసి, రాయవలసినది రాసి, తర్వాత ఆగుతుంది. ‘ఆఫ్’ ఎవరినీ అడగదు. విద్యుత్తును నేరుగా నిలిపివేస్తుంది. ఆ క్షణంలో డిస్కుపై రాస్తున్న సమాచారం అసంపూర్ణంగా మిగిలిపోవచ్చు. ‘సైకిల్’ విద్యుత్తును ఆపి, కనీసం ఒక సెకను తర్వాత తిరిగి ఇస్తుంది. ‘రీసెట్’ విద్యుత్తును ఆపకుండానే యంత్రాన్ని బలవంతంగా పునఃప్రారంభిస్తుంది. ఈ చివరి రెండింటిలోనూ ఫైళ్లను మూసే అవకాశం ఉండదు.

‘సాఫ్ట్’ ఆదేశానికి వచ్చే జవాబు ఆదేశం అందిందని మాత్రమే చెబుతుంది. పని పూర్తయిందని కాదు. సిస్టమ్ పూర్తిగా స్తంభిస్తే ఆ కోరిక నెరవేరకపోవచ్చు. కాబట్టి ముందు ‘స్టేటస్’తో స్థితి తెలుసుకొని, ‘సాఫ్ట్’ ప్రయోగించి, కొన్ని నిమిషాలు వేచి, మళ్లీ స్థితిని పరిశీలించాలి. ‘ఆఫ్’ చివరి అస్త్రం మాత్రమే.

5. ఇతర ఆదేశాలు:
‘ఐడెంటిఫై’ ఛాసిస్‌పై ఉన్న గుర్తింపు దీపాన్ని వెలిగిస్తుంది. సెకన్లు పేర్కొనకపోతే 15 సెకన్లు వెలుగుతుంది. ఒకే రూపంలో ఉన్న అనేక పెట్టెల మధ్య వేరొక సర్వరు తీగ పీకకుండా ఇది కాపాడుతుంది. ‘పాలసీ’ కరెంటు పోయి వచ్చాక సర్వరు వెలగాలా, ఆగి ఉండాలా, పూర్వస్థితికి రావాలా అన్నది నిర్ణయిస్తుంది. ‘బూట్‌డెవ్’ తదుపరి ప్రారంభం డిస్కు నుంచా, నెట్‌వర్కు నుంచా అన్నది నిర్దేశిస్తుంది.

6. భద్రత:
బీఎంసీని వశపరచుకొన్నవారికి సర్వరు మొత్తం వశమైనట్లే. ఐపీఎంఐ వల్ల కలిగే ప్రమాదాలపై అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా విభాగం యూఎస్-సర్ట్ 2013లో హెచ్చరిక జారీ చేసింది. బీఎంసీని బహిరంగ ఇంటర్నెట్‌కు కలపకుండా ప్రత్యేక నెట్‌వర్కులో ఉంచడం, తయారీదారు ఇచ్చిన సంకేతపదాన్ని మార్చడం కనీస జాగ్రత్తలు. 2015లో వచ్చిన రెడ్‌ఫిష్ ప్రమాణం ఇదే పనికి ఆధునిక వెబ్ పద్ధతులను ఉపయోగిస్తుంది.

7. ముగింపు:
తెరపై బొమ్మలతో పనిచేసే ఉపకరణాలు ‘నిశ్చయమేనా?’ అని తరచూ అడుగుతాయి. ఛాసిస్ పవర్ ఆదేశాలు అలా అడగవు. రాసిన పదం వెంటనే భౌతికచర్యగా మారుతుంది. అందువల్ల ఇక్కడ పదాల అర్థభేదాన్ని ఎరగడం పాండిత్య విషయం మాత్రమే కాదు, సమాచార పరిరక్షణకు తొలి మెట్టు.