మీకు తెలుసా? కారు లేకుండానే కదిలే కారవాన్
బ్రిటన్‌లో కారు వెనక తగిలించి లాక్కెళ్లే టూరింగ్ కారవాన్లు చాలావరకు 1,000 కిలోల పైమాటే. కారు నుంచి విప్పాక దాన్ని ఇరుకు వాకిట్లోకి చేతులతో నెట్టడం నడుముకు పరీక్ష. ఆ పని మోటార్ మూవర్ చేస్తుంది. చక్రాల పక్కన ఛాసిస్‌కు బిగించిన 12 వోల్టుల మోటార్లు టైర్లకు ఆనించిన గరుకు రోలర్లను తిప్పుతాయి. రిమోట్‌తో ఒక చక్రాన్ని ముందుకు, రెండోదాన్ని వెనక్కి నడిపితే, ఒకే ఇరుసున్న బండి ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది.

ఎంపికలో ముందుగా చూడాల్సింది ధర కాదు, వాకిలి వాలు. చదును నేల మీద లాగగలిగినంత బరువును మూవర్ ఎత్తు మీద లాగలేదు. కంకర మీద, తడి గడ్డి మీద పట్టు ఇంకా తగ్గుతుంది. రెండు ఇరుసుల బరువైన బండికి నాలుగు మోటార్లుంటే మేలు. చాలామంది మరిచిపోయేది మూవర్ సొంత బరువు: రెండు మోటార్ల రకమైతే సుమారు 30 కిలోలు, అదీ సామానుకు అనుమతించిన బరువులోంచే పోతుంది. రోలర్లను చేత్తో ఆనించే రకం చవక. వంగలేనివారికి మాత్రం బటన్‌తో ఆనించే రకమే సరైనది. బ్యాటరీ నీరసంగా ఉంటే ఏ రకమైనా మధ్యలోనే ఆగిపోతుంది. రోడ్డెక్కే ముందు రోలర్లు టైర్లను పూర్తిగా వదిలాయో లేదో తప్పక చూడాలి.