అన్నపు ముద్దతో జీవశాస్త్ర పునశ్చరణము



మీ యింట మనుమడో మనుమరాలో వైద్యకళాశాల ప్రవేశపరీక్షకు చదువుచున్నయెడల, అర్ధరాత్రివరకు గదిలో దీపము వెలుగుచుండుటయు, బిడ్డ యేవేవో పేర్లు గొణుగుకొనుచుండుటయు మీరు చూచుచునే యుందురు. ఆ పేర్లలో మనకు తెలిసిన మాట యొకటియు వినబడదు. ఇది మనకు సంబంధించిన చదువు కాదని మీరు ప్రక్కకు తొలగుదురు. కాని ఆ బిడ్డ చదువుచున్నది మీ విస్తరిలోని అన్నమును గూర్చియే, మీ యొంటిలోని రక్తమును గూర్చియే. ఈ పూట ఆ సంగతి కొంత చెప్పెదను.

పరీక్ష సంగతి ముందుగా ముగింతము. నీట్ అను పేరున దేశమంతటికిని కలిపి జరుపు ఈ పరీక్ష 2013లో ఆరంభమయ్యెను. 2025లో జరిగిన పరీక్షయందు 180 ప్రశ్నలు, 3 గంటల కాలము. అనగా ఒక్కొక్క ప్రశ్నకు ఒక్క నిమిషము. అందు 90 ప్రశ్నలు జీవశాస్త్రమునకే చెందినవి. తక్కిన సగమును భౌతిక, రసాయనశాస్త్రములు పంచుకొనును. సరియైన జవాబునకు 4 మార్కులు. తప్పు జవాబునకు ఒక మార్కు కోత. తప్పినవారు మరియొక సంవత్సరము పుస్తకముల ముందు కూర్చుందురు. దానికై పొలము కుదువబెట్టిన తండ్రులను నేనెరుగుదును.

నా యొద్ద చదివిన బాలుడొకడు ఇరువది అమైనో ఆమ్లముల పేర్లను గుక్కత్రిప్పుకొనక అప్పజెప్పెడివాడు. "అన్నమును చాలసేపు నమలినచో తియ్యబడును గదా, ఏల?" అని యడిగితిని. తెల్లబోయెను. పేర్లన్నియు వానియొద్ద నున్నవి, వానిని గ్రుచ్చు దారము లేదు. ఆ యేడు వానికి సీటు రాలేదు. మరుసటి యేడు వానికొక పని యప్పగించితిని: ప్రతిదినము సాయంకాలము ఒక అన్నపు ముద్ద వెంట నడచి, అది ఎచటికి పోయెనో, ఏమయ్యెనో తన నాయనమ్మకు చెప్పవలెను. ఆమె చదివినది అయిదవ తరగతి. ప్రశ్నలడుగుటలో మాత్రము పరీక్షాధికారులకంటె కఠినురాలు.

నోటినుండి మొదలు పెట్టుదము. అన్నములో ముఖ్యముగా నున్నది పిండిపదార్థము. చక్కెర రేణువులు వేలకొలది పూసలవలె గొలుసుగా కూడినచో పిండిపదార్థమగును. గొలుసుగా నున్నంతకాలము దానికి తీపి లేదు. లాలాజలములో అమైలేజ్ అను ఎంజైము గలదు. అది గొలుసును తెగగొట్టి చిన్న చిన్న తునకలు చేయును. అప్పుడు తీపి పుట్టును. దీనిని ఇంటనే చూడవచ్చును. చల్లారిన గంజిని రెండు గిన్నెలలో పోసి, ఒకదానియందు ఉమ్మిని కలిపి, పావుగంట పిదప రెండింటను గాయములకు వ్రాయు టింక్చరు అయొడిన్ ఒక్కొక్క చుక్క వేయుడు. ఉత్త గంజి నల్లని నీలిరంగు తిరుగును. ఉమ్మి కలిసినదానియందు నీలిరంగు మిక్కిలి తగ్గియుండును, లేదా రానే రాదు. ఏలయన అచట పిండి చక్కెరగా మారిపోయినది.

మరుగుచున్న గంజిలో ఉమ్మిని కలిపినచో ఈ పని జరుగదు. ఎంజైము మాంసకృత్తు జాతికి చెందినది. కాచిన గ్రుడ్డులోని తెల్లసొన గట్టిపడి మరల నీరు కానట్లే, అధికమైన వేడికి దాని రూపు చెడును. రూపు చెడినచో పని చెడును. తాళమునకు తాళపుచెవివలె ఒక్కొక్క ఎంజైము ఒక్కొక్క పదార్థమునకే యమరును. పిండిని కోయునది పప్పును కోయజాలదు. ఎంజైములను గూర్చి పుస్తకములో పది పుటలున్నవి. వానిలోని సారమంతయు ఈ రెండు గిన్నెల గంజిలో నున్నది.

జీర్ణాశయమున నుదజహరికామ్లము, అనగా హైడ్రోక్లోరిక్ ఆమ్లము, ఊరును. నోటి ఎంజైము ఆ పులుపులో నిలువలేదు; పప్పులోని మాంసకృత్తులను కోయు పెప్సిన్ మాత్రము అచటనే చురుకుగా పనిచేయును. అటుపిమ్మట ముద్ద చిన్నప్రేగును చేరును. క్లోమరసము పిండిని, మాంసకృత్తులను, కొవ్వులను గూడ కోయును. కాలేయమునుండి వచ్చు పైత్యరసము నేతిని సన్నని బిందువులుగా విడగొట్టును. ఇచట పిల్లలు తరచుగా జారిపడుదురు: పైత్యరసములో ఎంజైములు లేవు, అది కొవ్వును విడగొట్టునేగాని జీర్ణము చేయదు. కుంకుడురసము జిడ్డును విడదీసినట్లనుకొనుడు. మరియొకటి: పైత్యరసము తయారగునది కాలేయమునందు, నిలువయుండునది పిత్తాశయమునందు. ప్రశ్న వేయువారికి ఇట్టి సందులు మిక్కిలి ప్రియమైనవి.

చిన్నప్రేగు లోపలిగోడ వెల్వెట్టు గుడ్డవలె సన్నని చూషకములతో నిండియుండును. వానిగుండ గ్లూకోజు రక్తమున ప్రవేశించి మొదట కాలేయమునకు పోవును. ఆ పూటకు మిగిలిన గ్లూకోజును కాలేయము మరల గొలుసుగా గ్రుచ్చి గ్లైకోజెన్ అను రూపమున దాచును. ఇది ఇంటి గాదె వంటిది. గాదెను నింపుమని యాజ్ఞాపించునది క్లోమమునుండి వచ్చు ఇన్సులిన్.

ఈ ఘట్టమునకు వచ్చినప్పుడు నాయనమ్మ, "ఐనచో నాకు చక్కెరజబ్బేల వచ్చెనురా?" యని యడిగినదట. బాలుడు పుస్తకమును తీసి చూడవలసి వచ్చెను. ఇన్సులిన్ ఒక మనిషిలో అసలే పుట్టకపోవచ్చును; ఇది తరచుగా చిన్నతనమున బయటపడును. లేదా ఇన్సులిన్ పుట్టుచున్నను కణములు దాని మాటను సరిగా ఆలకింపకపోవచ్చును. పెద్దవయస్సున వచ్చునది సాధారణముగా ఇది. రెండింటను గ్లూకోజు రక్తములోనే నిలిచిపోవును. వాకిట ధాన్యపుబండ్లు నిలిచియుండగా ఇంటిలోనివారు పస్తుండినట్లు, కణములు ఆకలిగొనును. 1921లో కెనడాలోని టొరంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు ఈ ఇన్సులిన్‌ను క్లోమమునుండి తీసిరి. 1922 జనవరిలో దానిని మొదటిసారి యొక బాలునికి సూదిమందుగా నిచ్చిరి. అంతకు పూర్వము ఆ జబ్బు పడిన పిల్లలు బ్రదుకుట అరుదు. నాయనమ్మకు జవాబు చెప్పవలసి వచ్చుటచేత బాలుడా పాఠమును మరల మరువలేదు.

గ్లూకోజు కణములో ప్రవేశించినది. ఇప్పుడు దానిని మండింపవలెను. కాని పొయ్యిలోని కట్టెవలె ఒక్కసారిగా మండినచో కణము కాలిపోవును. కాబట్టి మెట్టుమెట్టుగా విడగొట్టి, వచ్చిన శక్తిని చిన్న నాణెములుగా మార్చుకొనును. వంద రూపాయల నోటు చేతనున్నను సంతలో రెండు కట్టల తోటకూరకు చిల్లరయే కావలెను గదా. ఆ చిల్లర పేరు ఏ.టి.పి. కండరము కదలుటకును, నరము పనిచేయుటకును, ఈ మాట మీరు వినుటకును ఇదియే వ్యయమగును. మన శరీరములో ఒక క్షణమున నుండు ఏ.టి.పి. స్వల్పమే, అదియే దినమంతయు మరల మరల తయారై వ్యయమగుచుండుటచేత లెక్కకు రమారమి మనిషి బరువంత యగును.

మొదటి మెట్టు కణద్రవ్యములో జరుగును. దీనికి ప్రాణవాయువు అక్కరలేదు. లాభము రెండు ఏ.టి.పి.లు మాత్రమే. తక్కినదంతయు మైటోకాండ్రియా అను చిన్న కొలిమిలో ప్రాణవాయువు సహాయమున జరుగును. అచటి చక్రమును క్రెబ్సు అను శాస్త్రజ్ఞుడు 1937లో వివరించెను. మొత్తముమీద ఒక గ్లూకోజునుండి ఎన్ని ఏ.టి.పి.లు వచ్చును? పాఠ్యపుస్తకములు చాలకాలము 36 లేక 38 అని చెప్పినవి. ఇటీవలి లెక్క 30 మొదలు 32 వరకు. పరీక్షకు తమ పాఠ్యపుస్తకమున నున్న సంఖ్యను వ్రాయుమని పిల్లలకు చెప్పుదును. సత్యము మాత్రము రెండవదనియు చెప్పుదును. ఇట్లు చెప్పవలసి వచ్చుట నాకంత యిష్టమైన పని కాదు.

ఈ ఏ.టి.పి.తో మనకొక చుట్టరికము గలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవసారి కృతార్థులైరి. మద్రాసు వైద్యకళాశాలలో చదివి, అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కు అను ఆచార్యునితో కలసి పనిచేసిరి. రక్తములోని భాస్వరమును కొలుచు పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించిరి. దానికి నేటికిని వారి పేర్లే. ఆ కొలతను పట్టుకొని కండరములో వెదకగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. దొరికినవి. జర్మనీలో లోమాన్ అనునతడును ఆ యేడే ఏ.టి.పి.ని వేరుగా కనుగొనెను. తరువాత సుబ్బారావుగారి పర్యవేక్షణలో 1947లో వెలువడిన హెట్రజాన్ అను మందు బోదవ్యాధికి వాడునది. ఆ వ్యాధి గోదావరి ప్రాంతపు పెద్దలకు కొత్త కాదు. ఆయన 1948లో చనిపోయిరి.

కొలిమికి ప్రాణవాయువు కావలెనంటిమి. దానిని మోయునది రక్తములోని హిమోగ్లోబిన్. ఇదియు మాంసకృత్తే; ముద్దలోని పప్పు ఇచటికి వచ్చినది. మాంసకృత్తులు ఇరువది రకముల అమైనో ఆమ్లములతో కట్టబడును. వానిలో తొమ్మిదింటిని మన శరీరము తయారు చేసికొనజాలదు, తిండినుండియే రావలెను. బియ్యమున లైసిన్ తక్కువ, పప్పున అది సమృద్ధి. పప్పున మిథియోనిన్ తక్కువ, బియ్యము దానిని పూరించును. పప్పన్నము కలిపినవారికి ఈ పేర్లు తెలియవు, పని మాత్రము తెలిసినది.

ఏ ఆమ్లము తరువాత ఏది రావలెనో నిర్ణయించునది కణకేంద్రకములోని డి.ఎన్.ఎ. అది నాలుగే యక్షరముల లిపి. మూడేసి యక్షరములకు ఒక ఆమ్లము. హిమోగ్లోబిన్‌లోని బీటా గొలుసునకు చెందిన వ్రాతలో ఒక్క యక్షరము మారినచో, ఆరవస్థానమున గ్లుటామిక్ ఆమ్లమునకు బదులు వాలిన్ వచ్చి కూర్చుండును. అంతమాత్రముననే ఎఱ్ఱకణములు ప్రాణవాయువు తగ్గినప్పుడు కొడవలివలె వంగి, సన్నని రక్తనాళములలో చిక్కుకొని, తీవ్రమైన నొప్పులు కలిగించును. మన్యప్రాంతముల గిరిజనులలో ఈ వ్యాధి యున్నది. తల్లి, తండ్రి ఇద్దరును ఆ మారిన వ్రాతను ఒక్కొక్కటి మోయుచు, తాము ఆరోగ్యముగనే యుండవచ్చును. కాని వారికి పుట్టు ప్రతి బిడ్డకును వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక పాలు అవకాశము గలదు. మొదటి బిడ్డకు వచ్చినది గనుక తక్కిన మువ్వురికి రాదనుకొనుట పొరపాటు. ప్రతి కాన్పునకును లెక్క క్రొత్తగా మొదలగును. పిల్లలు పరీక్షలో తప్పు చేసినచో ఒక మార్కు పోవును. పెండ్లిమాటలు జరుపు పెద్దలకు ఈ లెక్క అంతకంటె ముఖ్యము. రక్తపరీక్ష చేయించినచో మోయువారెవరో తెలియును.

మీలో నెవరైన ఇంటి బిడ్డకు ఈ చదువులో తోడుపడగోరినచో, అన్నము తినునప్పుడు ఒక్క ప్రశ్న వేయుడు: "ఈ ముద్ద ఇప్పు డెచట నున్నదిరా?" పేరు చెప్పి ఊరకున్నచో, "అటుపిమ్మట?" అనుడు. "అది లేకపోయిన నేమగును?" అనుడు. జవాబు తడబడిన చోటనే బిడ్డ పుస్తకమును మరల తెరువవలెను. తెలిసిన పుటలనే పదిసార్లు త్రిప్పుటకంటె ఇది తక్కువ కాలమున జరుగు పని.

ఆ నాయనమ్మ అడిగిన కడపటి ప్రశ్న, "చిట్టచివరకు ముద్ద ఏమైనదిరా?" యని. నాకు తెలిసిన పిల్లలు పదిమందిలో తొమ్మండుగురు, మలమై పోయినదందురు. జీర్ణమైన పిండి మలము కాదు. మైటోకాండ్రియాలో గ్లూకోజులోని కర్బనము బొగ్గుపులుసు గాలియై, రక్తమున ఊపిరితిత్తులకు వచ్చి, ముక్కునుండి వెలుపలికి పోవును. వరిమొక్క తన గింజలోని కర్బనమును తెచ్చుకొన్నదియు నేలనుండి కాదు, ఆకులగుండ ఈ గాలినుండియే. బాలుడీ సంగతి చెప్పగా ఆమె కొంతసేపు ఊరకుండి, "ఐనచో మనము తిన్నది మరల చేనికే పోవుచున్నది కాబోలు" అని, విస్తరి తీయుటకు లేచినదట.