మీకు తెలుసా? కారు మీద ఎండ కోరుట్ల దాకానే

కారు కప్పు మీద సోలార్ పలక బిగిస్తే, రోజంతా పట్టిన ఎండతో ఓ చిన్న ఎలక్ట్రిక్ కారు నడిచేది సుమారు పది కిలోమీటర్లు. అంటే మెట్‌పల్లి నుంచి దాదాపు కోరుట్ల దాకా పోవచ్చు, తిరిగి రావడానికి మాత్రం చాలదు.

పుణెకు చెందిన వేవ్ మొబిలిటీ సంస్థ 2025 జనవరిలో ఢిల్లీ వాహన ప్రదర్శనలో విడుదల చేసిన 'ఈవా' సోలార్ కారు లెక్క కూడా దాదాపు ఇదే. కప్పు మీది ఎండతో ఏడాదికి 3,000 కిలోమీటర్ల దాకా వస్తుందని సంస్థ చెప్పింది. అప్పుడు ప్రకటించిన ధర రూ.3.25 లక్షల నుంచి మొదలైంది. అయితే అందులో బ్యాటరీ ఖరీదు కలవలేదు, దానికి నడిపిన కిలోమీటరుకు ఇంత అని విడిగా కట్టాలి. కొనేవాళ్లు ముందుగా అడిగి తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

లోపం ఎండది కాదు, జాగాది. కారు కప్పు మీద పట్టేది 300 వాట్ల పలక అనుకుంటే, దినానికి ఒకటిన్నర యూనిట్ కూడా దాటదు. అదే ఇంటి డాబా మీద 3 కిలోవాట్ల పలకలు వేస్తే మన ఎండకు రోజుకు సుమారు 12 యూనిట్లు వస్తాయి. చిన్న కారుకు వంద కిలోమీటర్లకు సరిపోయే కరెంటు! 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద దీనికి రూ.78,000 సబ్సిడీ ఉంది. కారు పగలు బయట తిరిగినా నష్టం లేదు. మిగిలిన యూనిట్లు గ్రిడ్‌కు పోయి నెట్ మీటర్‌లో జమవుతాయి, రాత్రి ఛార్జింగ్‌కు ఆ లెక్కలోంచే వాడుకోవచ్చు.