కొలత తెలిసిన తీపి: పండుగకు పంచదార బిళ్లలు

సంక్రాంతి నాళ్లలో బొమ్మల కొలువు పెట్టిన ఇంటికి పేరంటానికి వచ్చిన ముత్తైదువలకు తాంబూలంతోపాటు ఏదో ఒక తీపి పదార్థం చేతిలో పెట్టి సాగనంపడం మనకు ఆచారంగా వస్తున్నది. అరిసెలు, సున్నివుండలు, కజ్జికాయలు చేయగల ఓపికా తీరికా ఉన్న ఇల్లాలికి ఇందులో చిక్కు లేదు. అవి లేనివారు బజారుకు పోయి మిఠాయి పొట్లాలు తెచ్చి పంచుతున్నారు. పుచ్చుకొన్నవారి ఇంట అప్పటికే నాలుగిళ్ల మిఠాయి చేరి ఉంటుంది. తినలేక, పారవేయలేక వారు పడే ఇబ్బంది మనకందరికీ అనుభవంలో ఉన్నదే. పొయ్యి వెలిగించకుండా, ఎక్కువ వెచ్చం లేకుండా ఇంట చేయదగినదీ, పండుగ వెళ్లిన తరువాత కూడ కొన్నాళ్లు నిలిచేదీ అయిన బహుమతి ఏదైనా ఉన్నదా అని వెదకేవారికి, పరిమళం పట్టించిన పంచదార బిళ్లను గూర్చి చెప్పదలచినాను.

బిళ్ల అన్నంత మాత్రాన మందుబిళ్లవలె గుండ్రనిదని అనుకోరాదు. ఇది ఆరు ముఖాలూ సమానంగా ఉన్న పాచికవంటిది. పెద్ద హోటళ్లలో కాఫీతో, తేనీటితో చిన్న గిన్నెలో పెట్టి ఇచ్చే తెల్లని బిళ్లలను చాలమంది చూచియుంటారు. దీని పుట్టుకకూ బహుమతికీ సంబంధం ఉన్నదంటే వింతగా తోచవచ్చును. 19వ శతాబ్దపు నడిమి వరకు ఐరోపాలో పంచదారను శంకువు ఆకారం గల పెద్ద దిమ్మలుగా అమ్మేవారు. గృహిణులు ఆ దిమ్మను కొట్టి, పటకారువంటి పనిముట్టుతో ముక్కలు చేసుకొనవలసి వచ్చేది. నేడు చెక్ దేశంలో ఉన్న మొరావియా ప్రాంతపు దాచిత్సె పట్టణంలో యాకొబ్ క్రిష్టోఫ్ రాడ్ అనే ఆయన ఒక పంచదార శుద్ధి కర్మాగారానికి అధికారిగా ఉండేవాడు. 1841లో ఆయన భార్య దిమ్మను కొట్టబోయి వేలు గాయపరచుకొన్నదనీ, ఆమె మందలింపు మీదనే ఆయన ఈ సంగతి ఆలోచించినాడనీ, కొన్నాళ్లకు ఎరుపు తెలుపు రంగుల బిళ్లలు 350 పెట్టెలో పెట్టి ఆమెకు బహూకరించినాడనీ చెప్పుకొంటారు. 1843 జనవరి 23వ తేదీన ఆ పద్ధతికి ఆయనకు ప్రభుత్వపు హక్కుపత్రం లభించినది. ఆ పట్టణంలో పంచదార బిళ్లకు ఒక స్మారక చిహ్నం కూడ నిలిపినారు.

పంచదారను అచ్చులో పోయడం మనకు కొత్త కాదు. సంక్రాంతికీ, పెళ్లి సారెలోనూ మనం చూచే పంచదార చిలకలు అటువంటివే. తెలంగాణలో హోలీకి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు కూడ ఆ జాతివే. ఐతే వాటికి పాకం పట్టవలెను. పాకం ఒక్క క్షణం ముదిరినా, ఒక్క క్షణం లేతపడినా చిలక అచ్చు వదలదు. అది చేయితిరిగినవారి పని. బిళ్లకు పాకంతో పని లేదు. తడిపి, అదిమి, ఆరబెట్టడమే. రాడ్ అవలంబించిన మార్గం కూడ ఇదే.

తడిపిన పంచదార గట్టిపడడంలో ఉన్న కిటుకు తెలిసికొంటే పని సులభమవుతుంది. పలుకుల మీద కొద్దిపాటి నీరు చల్లినప్పుడు, ప్రతి పలుకూ పై పొర మాత్రమే కరిగి, పలుకుకూ పలుకుకూ నడుమ చిక్కని పానకంగా నిలుస్తుంది. నీరు ఆవిరియై పోగా ఆ పానకంలోని పంచదార తిరిగి స్ఫటికమై పలుకులను ఒకదానితో ఒకటి అతికిస్తుంది. గోడలో ఇటుకల నడుమ సున్నం చేసే పనే ఇక్కడ ఆ పానకం చేస్తున్నది. నీరు తక్కువైతే అతుకు చాలక బిళ్ల పొడి అవుతుంది. నీరు ఎక్కువైతే పలుకులే కరిగిపోయి, ఎండిన తరువాత కాఫీలో కూడ త్వరగా కరగని గడ్డ అవుతుంది. కనుక ఈ పనిలో నేర్పంతా నీటి కొలతలోనే ఉన్నది.

200 గ్రాముల పంచదార తీసికొందాము. మన బజారులో దొరికేది తరచుగా లావుపలుకు గలది. దానిని మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే చాలును. మెత్తని పిండి చేయరాదు. పిండి అయిన పంచదార రాయివలె బిగుస్తుంది. దానిని వెడల్పాటి పళ్లెంలో పోసి రెండు చిన్న చెంచాల నీరు, అంటే సుమారు 10 గ్రాములు, నాలుగు మూలలా చిలకరించి, వేళ్ల కొసలతో పలుకు పలుకుకూ తడి తగిలేటట్లు కలుపవలెను. గుప్పిట పట్టి అదిమి చేయి తెరిస్తే వేళ్ల గుర్తులు నిలిచి ఉండవలెను. ఏటి ఒడ్డున పిల్లలు గూళ్లు కట్టే ఇసుక పదును అన్నమాట. ఉండ చెదిరిపోతే మరి నాలుగు చుక్కలు చల్లవలెను. అరచేతికి తడి అంటి పంచదార అద్దంవలె మెరిసినదా, నీరు ఎక్కువైనదని గ్రహించి మరికొంత పొడి పంచదార కలుపుకోవలెను.

పరిమళ ద్రవ్యాలలో పొడివి నీటికి ముందే కలుపవలెను. ఈ కొలతకు ఆరు ఏలకుల గింజలు దంచిన పొడి చాలును. సొంఠిపొడి గాని, దాల్చినచెక్క పొడి గాని అర చెంచా వేయవచ్చును. ఏ పొడినైనా పలుచని గుడ్డతో జల్లించి వాడితే గిన్నె అడుగున మడ్డి తక్కువగా ఉంటుంది. కుంకుమపువ్వు వేయదలచినవారు ఆ రెండు చెంచాల నీటినే గోరువెచ్చగా చేసి, పది రేకులు అందులో ఒక అరగంట నాననిచ్చి, ఆ నీటితోనే పంచదారను తడుపవలెను. బిళ్లలకు బంగారు వన్నె వస్తుంది. గులాబి పరిమళం కోరేవారు మామూలు నీటికి బదులు ఆహారానికి పనికివచ్చే పన్నీరు వాడుకోవచ్చును. నిమ్మ పరిమళానికి ఒక కాయ పైతొక్కను, అడుగున ఉండే తెల్లని పొర రాకుండా, సన్నగా తురిమి పంచదారతో చేతితో నలుపవలెను. తొక్కలోని నూనె పలుకులకు పడుతుంది. తొక్కలో తడి ఉన్నది గనుక నీరు ఒక చెంచాకు తగ్గించి, చాలకపోతేనే చుక్కలు చల్లవలెను.

ఇక్కడ రెండు హెచ్చరికలు. నిమ్మరసం మాత్రం పోయరాదు. పులుపు తగిలిన పంచదారలో కొంత భాగం తేమ పీల్చే చక్కెరలుగా మారి, బిళ్లలు జిగట పట్టి ఎండవు. బెల్లంతో బిళ్లలు చేయరాకపోవడానికి కారణం కూడ ఇటువంటిదే. దానిలో ఆ జాతి చక్కెరలు ముందునుంచే ఉన్నవి. రెండవది, పరిమళం కోసమని హారతి కర్పూరం ఎన్నడూ కలుపరాదు. అది తినే వస్తువు కాదు, పసిపిల్లలకు ప్రాణాపాయం.

తడిపిన పంచదారను అచ్చులో నింపవలెను. ఐసుగడ్డల అచ్చు ఉన్నా పనికివస్తుంది. లేకపోతే 11 సెంటీమీటర్ల చదరపు డబ్బా ఒకటి తీసికొని అడుగున బటరు పేపరు పరచి, పంచదారను పోసి, చదునైన గరిటె వెనుకభాగంతో గట్టిగా అదుమవలెను. మందం ఒకటిన్నర సెంటీమీటర్లకు రవ్వంత ఎక్కువగా ఉంటుంది. వెంటనే పలుచని కత్తితో నిలువుగా ఆరు గాట్లు, అడ్డంగా ఆరు గాట్లు పెట్టవలెను. కత్తిని ఈడ్వరాదు, తిన్నగా దించి తిన్నగా పైకి తీయవలెను. ఏడేళ్లు నలుబదితొమ్మిది బిళ్లలు వస్తవి. ఒక్కొక్కటి ఇంచుమించు 4 గ్రాములు, తలగొట్టి కొలిచిన ఒక చిన్న చెంచా పంచదారకు సమానం. రెండు గంటలు అట్లే ఉంచి, కొంచెం బిగిసిన తరువాత కాగితంతో సహా పైకి తీసి, బిళ్లలను ఎడమెడంగా పేర్చి, పలుచని గుడ్డ కప్పి రాత్రి అంతా ఆరనీయవలెను. చీమలు పట్టకుండా, వెడల్పు తాంబాళంలో నీరు పోసి నడుమ ఒక గిన్నె బోర్లించి దాని మీద పళ్లెం పెట్టడం మన పెద్దలు నేర్పిన ఉపాయమే.

ఆరబెట్టడంలో తొందరపడితే ఏమవుతుందో నా అనుభవమే చెప్పుతాను. మొదటిసారి నేను వీటిని దీపావళికి చేసినాను. వాయుగుండం పట్టి మూడునాళ్లు ముసురు విడువలేదు. పైకి గట్టిగా ఉన్నవి గదా అని రంగు కాగితపు పెట్టెలలో సర్ది ఐదిళ్లకు పంపినాను. నాలుగిళ్లవారు మొగమాటపడి బాగున్నవన్నారు. పక్కింటి పెద్దమ్మగారు మాత్రం, “అమ్మాయీ, నీవు పంపిన బిళ్లలన్నీ కలిసి ఒకే బిళ్ల అయినవి. దానికి కత్తిపీట సరిపోలేదు, రోకలి తీయవలసి వచ్చినది” అన్నారు. సిగ్గుపడినాను గాని, ఆమె చెప్పినందుననే తప్పు తెలిసినది. గాలిలోని తేమ నూటికి 85 పాళ్లు దాటితే పంచదార ఎండడం అటుంచి తానే తేమ పీల్చుకొంటుంది. మన కోస్తా ప్రాంతంలో ఆశ్వయుజ కార్తికాలు వానకూ తుపానులకూ పేరుపడినవి. పుష్యమాసపు పొడిగాలి ఈ పనికి అనుకూలం. ముసురులో చేయక తప్పకపోతే, ఓవెను ఉన్నవారు 90 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో ఒక గంట సేపు ఉంచి, పూర్తిగా చల్లారిన తరువాత వెంటనే డబ్బాలో పెట్టవలెను.

ఎండినవో లేదో కంటితో చెప్పడం కష్టం. తూకం చెప్పుతుంది. 200 గ్రాముల పంచదార, 10 గ్రాముల నీరు కలిసి 210 గ్రాములు. మరునాటి ఉదయం బిళ్లలన్నీ తూచి చూచినప్పుడు తిరిగి 200 గ్రాములకు వస్తే నీరు పోయినదన్నమాట. ఇంకా 205 ఉంటే మరొక పూట ఆరవలెను. అటు తరువాత నేను తూచకుండా ఎవరికీ పంపలేదు.

బహుమతిగా ఇచ్చేటప్పుడు కాగితపు పెట్టెకంటె బిగుతు మూత గల చిన్న గాజుసీసా మేలు. ఎనిమిదేసి బిళ్లలు పెడితే ఒక విడతకు ఆరు సీసాలు నిండి, ఒకటి మిగులుతుంది. అది చేసినవారు రుచి చూచుకోవడానికి! రెండు పరిమళాలు ఒకే సీసాలో కలిపితే ఒకదాని వాసన మరొకదానికి పట్టుతుంది. సీసా మీద చిన్న చీటీ అంటించి పరిమళం పేరు, చేసిన తేది, బిళ్ల ఒక్కింటికి 4 గ్రాములనే మాట వ్రాయవలెను. ఏలకులవి పాలు పోసిన తేనీటికి, సొంఠివి కాఫీకి, నిమ్మవి పాలు లేని తేనీటికి, కుంకుమపువ్వువి పిల్లల పాలకు నప్పుతవి. పంచదార చెడదు గాని పరిమళం నానాటికి తగ్గుతుంది గనుక నెల రెండు నెలలలో వాడుకోవడం మంచిది.

ఆ చీటీలో కొలత ఎందుకని కొందరు అడుగవచ్చును. మన ఇళ్లలో అతిథిని “పంచదార ఎంత వేయమంటారు?” అని అడిగితే “మీ ఇష్టం” అంటారు. గోపురంగా నింపిన చెంచాలో ఎంత పట్టినదో వేసినవారికీ తెలియదు, తాగినవారికీ తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చేసిన సూచన ప్రకారం, మనం విడిగా చేర్చుకొనే చక్కెరలూ, తేనె, పండ్లరసాలలోని చక్కెరలూ అన్నీ కలిపి, ఆహారం వల్ల వచ్చే మొత్తం శక్తిలో పదవ వంతుకు మించరాదు. ఇరువదవ వంతులోపల ఉంటే మరింత మేలు. ఆ ఇరువదవ వంతు పెద్దవారికి రోజుకు సుమారు 25 గ్రాములు. మన లెక్కలో ఆరు బిళ్లలు. పూటకు రెండేసి బిళ్లలు వేసికొని మూడుసార్లు కాఫీ తాగితే ఆనాటి తీపి అక్కడికే సరి. ఏలకులు వేసినా, కుంకుమపువ్వు వేసినా పంచదార పంచదారయే. మధుమేహం ఉన్నవారికి ఈ సీసా పంపడం ఆదరణ అనిపించుకోదు; వారికి ఏలకుల పొడి వేరుగా ఇవ్వడం మర్యాద. తక్కినవారికి మాత్రం పరిమళమే సగం తృప్తి కలిగిస్తుంది గనుక రెండు వేసికొనేవారు ఒకదానితో సరిపెట్టుకొనడం కద్దు. పక్కింటి పెద్దమ్మగారు అట్లే చేస్తున్నారు.

పెట్టేవారు తమకు తోచినంత పెట్టడం ఒక ఆదరణ. పుచ్చుకొన్నవారు తమకు కావలసినంతే తీసికొనే వీలు కలిగించడం మరొక ఆదరణ. అందుకు పెద్ద ఖర్చు లేదు. 200 గ్రాముల పంచదార, రెండు చెంచాల నీరు, ఒక రాత్రి ఓపిక ఉంటే చాలును. ఈ పండుగకు శ్రోతలు ఒక విడత చేసి చూడవలెనని నా మనవి. పంపేముందు మాత్రం తప్పక తూచండి.