పళ్లు తోమించడమూ నేర్వాల్సిన పనే
డిమెన్షియా ముదిరిన పెద్దలు నోరు తెరవరు. బలవంతం పనికిరాదు. వదిలేస్తే ముప్పు తప్పదు. సంరక్షకులకు మెలకువలు నేర్పడమే మిగిలిన దారి.

బ్రష్ చూడగానే పెదవులు బిగిస్తారు. ఇంకాస్త దగ్గరికి వెళితే తల తిప్పేసుకుంటారు, చెయ్యి విసురుతారు, ఒక్కోసారి కొరుకుతారు కూడా. డిమెన్షియా ఉన్న పెద్దవారిని చూసుకునే ఇళ్లలో ఉదయం పూట ఈ పెనుగులాట మామూలే. రెండు రోజులు ప్రయత్నించి మూడో రోజు నుంచి కోడలో, ఆయానో ఆ పని మానేస్తుంది. ముసలాయన అన్నం మానేస్తే ఇల్లంతా కంగారు పడుతుంది గానీ పళ్లు తోముకోకపోతే పోయేదేముందన్న ధోరణి. పోయేది ప్రాణమే కావచ్చు.

పళ్ల మీద పేరుకునే పాచి నిండా బ్యాక్టీరియాయే. డిమెన్షియా ముదిరే కొద్దీ మింగే శక్తి సన్నగిల్లుతుంది. లాలాజలమో, గంజి చుక్కో దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఆరోగ్యవంతులకైతే పొలమారి, దగ్గుతో బయటికొచ్చేస్తుంది. వీరికి ఆ దగ్గు కూడా బలహీనమే. పాచిలోని క్రిములు వెంట వెళ్లి న్యుమోనియాకు దారితీస్తాయి. డిమెన్షియా రోగుల ప్రాణాలు తీసే ప్రధాన కారణాల్లో న్యుమోనియా ఒకటి.

దీన్ని జపాన్ ముందుగా గట్టిగా పట్టించుకుంది. అక్కడి 11 నర్సింగ్ హోమ్‌లలో రెండేళ్ల పాటు సాగిన అధ్యయనం ఫలితాలు 2002లో వెలువడ్డాయి. ఒక వర్గం వృద్ధులకు ప్రతి భోజనం తర్వాతా సిబ్బందే పళ్లు తోమారు, అవసరమైనప్పుడు దంతవైద్యులు వచ్చి శుభ్రం చేశారు. రెండో వర్గాన్ని వారి మానాన వదిలేశారు. రెండో వర్గంలో 19 శాతం మందికి న్యుమోనియా వస్తే మొదటి వర్గంలో 11 శాతం మందికే వచ్చింది. ఆ తర్వాతి ఫలితాలన్నీ ఇంత ఆశాజనకంగా లేవు. అమెరికాలోని కనెక్టికట్‌లో 36 నర్సింగ్ హోమ్‌లలో బ్రషింగ్‌తో పాటు క్లోర్‌హెక్సిడిన్ మందు పుక్కిలింపును, కూర్చోబెట్టి తినిపించే పద్ధతిని పరీక్షించారు. ప్రయోజనం కనిపించకపోవడంతో ప్రయోగాన్ని మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. సీసాలోని మందు మీద భరోసా పెట్టుకోవడానికి లేదన్నమాట.

మరి మనుషులకు నేర్పితే? నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం పరిశోధకులు ‘పోరాటం లేని నోటి సంరక్షణ’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక శిక్షణ రూపొందించి 14 నర్సింగ్ హోమ్‌లలో పరీక్షించారు. ఆ వివరాలు 2020లో ప్రచురితమయ్యాయి. శిక్షణ పొందిన చోట మొదటి ఏడాది న్యుమోనియా సుమారు 30 శాతం తగ్గింది. కానీ రెండేళ్లూ కలిపి చూస్తే తేడా లెక్కలోకి రానంత తక్కువ. నేర్పడం ఒక ఎత్తు, నేర్చింది రోజూ చేయించడం మరో ఎత్తు.

మొండితనం కాదు, భయం

ఇంతకీ నేర్పేదేమిటి? అమెరికన్ నర్సింగ్ పరిశోధకురాలు రీటా జబ్లాన్‌స్కీ ఈ వ్యవహారాన్ని తలకిందులు చేసి చూశారు. రోగి ఎదురు తిరిగేది మొండితనంతో కాదు, భయంతో. ఎవరో నిలబడి మీదికి వంగి, ఏమిటో తెలియని వస్తువును నోట్లో దూర్చబోతే ఎవరైనా అదే చేస్తారు. కాబట్టి ముందు భయం తగ్గించాలి. ఎదురుగా, కళ్లకు సమానమైన ఎత్తులో కూర్చోవాలి. నవ్వాలి. పొడి మాటల్లో, ఒక్కొక్క పనే చెప్పాలి. పళ్లు తోముతున్నట్టు సైగ చేసి చూపాలి. బ్రష్‌ను రోగి చేతికే ఇచ్చి, ఆ చేతి మీద చెయ్యి వేసి పని మొదలుపెట్టాలి. అదీ కుదరకపోతే ఒక బ్రష్ రోగి చేతిలో పెట్టి రెండో దానితో తోమాలి. పేచీ పెడితే ఆపేసి కాసేపాగి రావాలి. లేదా మరొకరిని పంపాలి. ఒకరికి నోరు తెరవనివారు ఇంకొకరికి తెరవడం సాధారణమే.

ఆమె వద్దనే వాటిలో ముఖ్యమైనది పసిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడటం. మన ఇళ్లలో ప్రేమగానే వాడే ‘ఆ అను, బంగారం’ తరహా ముద్దు మాటలు నలభై ఏళ్లు హెడ్‌మాస్టరుగా చేసిన మనిషికి అవమానంగా తగలవచ్చు. జ్ఞాపకాలు చెదిరినంత మాత్రాన గౌరవం గుర్తుండదనుకోవడం పొరపాటు. ‘మాస్టారూ, ఒక్కసారి’ అంటే తెరుచుకునే నోళ్లు ఉంటాయి. అలాగే జీవితమంతా పెరట్లో నిలబడి వేపపుల్లతో తోముకున్న వ్యక్తికి బాత్‌రూమ్ సింకు, ప్లాస్టిక్ బ్రష్ కొత్త కావచ్చు. పాత అలవాటు ఏ వేళకు, ఏ చోట ఉండేదో ఆయాకు చెప్పాల్సింది కుటుంబమే.

చేతిపనిలోనూ కొన్ని జాగ్రత్తలున్నాయి. పడుకోబెట్టి తోమకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి ఉంచాలి. మెత్తటి చిన్న బ్రష్ చాలు, పేస్టు బఠానీ గింజంత. ఉమ్మడం మరిచినవారికి ఇంకా తక్కువ. పొడిగా చల్లే పళ్లపొడి పొలమారుతుంది, పనికిరాదు. పళ్ల మధ్య వేలు పెట్టకూడదు. కట్టుడు పళ్లు రాత్రి తీసి, విడిగా తోమి, నీళ్లలో ఉంచాలి. అవి నెలల తరబడి నోట్లోనే ఉండిపోయి చిగుళ్లు పుండ్లు పడటం అరుదేమీ కాదు. చాలా మందులు నోటిని ఎండగడతాయి, తియ్యటి సిరప్‌లు పళ్లను తినేస్తాయి.

అన్నిటికన్నా కష్టమైనది నొప్పిని కనిపెట్టడం. పన్ను నొప్పి అని వారు చెప్పలేరు. తిండి మానేయడం, దవడ మీద చెయ్యి వేసుకోవడం, ఉన్నట్టుండి కేకలు వేయడమే వారి భాష. దాన్ని ‘జబ్బు ముదిరింది’ అని లెక్కకట్టి నిద్రమాత్ర వేసేస్తే పుచ్చు పన్ను అలాగే ఉంటుంది. ఉత్తర కోస్తాలో అడ్డచుట్ట తాగే అలవాటున్న స్త్రీలకైతే మండే కొస నోట్లో ఉంటుంది గనుక అంగిలి క్యాన్సర్ ముప్పు ఎక్కువ. రెండు వారాలైనా మానని పుండో, తెల్లమచ్చో కనిపిస్తే డాక్టరుకు చూపించాలన్నది సంరక్షకులకు మొదటి రోజే చెప్పాల్సిన విషయం.

2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు పైబడినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. పురుషుల కంటే స్త్రీలలో, పట్టణాల కంటే పల్లెల్లో ఎక్కువ. వీరిని చూసుకునేది ప్రధానంగా కుటుంబమే, అందులోనూ ఆడవారే. పిల్లలు అమెరికాలోనో, బెంగళూరులోనో ఉంటే ఏజెన్సీ పంపిన అటెండెంట్. మాత్ర వేయడం, డైపర్ మార్చడం ఆమెకు తెలుసు. నోటి గురించి అడిగేవారే ఉండరు. ఈ విషయంలో సంపన్న దేశాలూ గొప్పగా లేవు. ఇంగ్లండ్‌లో తనిఖీ సంస్థ 2019లో వంద కేర్ హోమ్‌లను పరిశీలిస్తే 47 శాతం చోట్ల సిబ్బందికి నోటి ఆరోగ్యంపై ఏ శిక్షణా లేదు. అప్పటికి అక్కడ మార్గదర్శకాలు వచ్చి మూడేళ్లయింది.

70 ఏళ్లు దాటినవారికి 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల రూపాయల దాకా చికిత్స ఉచితం. న్యుమోనియా ముదిరి మంచం పడితే ఆసుపత్రి బిల్లు ప్రభుత్వం కడుతుంది. అది రాకుండా అటెండెంటుకు రెండు రోజుల శిక్షణ ఇప్పించాలంటే మాత్రం ఆ పద్దులో చోటు లేదు. వృద్ధుల సంరక్షకులకు శిక్షణ ఇచ్చే కార్యక్రమం కేంద్ర సామాజిక న్యాయ శాఖకు విడిగా ఉంది. ఆ శిక్షణలో ఒక పూట నోటికి, ఒక పూట నోరు తెరవని మనిషికి కేటాయించడానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు.

అటెండెంట్లు తరచూ మారిపోతుంటారు. ఎవరి మాటకు, ఏ వేళకు, ఏ పిలుపుకు నోరు తెరుచుకుంటుందో కనిపెట్టిన మనిషి వెళ్లిపోతే ఆ తెలివిడి కూడా ఆమెతోనే పోతుంది. అందుకే ఒక కాగితం మీద రాసి అలమరా తలుపుకు అంటించడం మేలు: ఏమని పిలవాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి, కట్టుడు పళ్లు పైవా కిందివా, ఏ పక్క నొప్పి.